పికప్ కింద ఇద్దరు వియ్యంకులు

9 జులై 2000, ఆదివారం. పాసిర్ రిస్, మా అల్లుడింట్లో.

ఇవాళ చెప్పేద్దామనే అనుకున్నాను. కానీ టిఫిన్ దగ్గర బావగారు మంచి ఉత్సాహంగా ఉన్నారు. పెసరట్లోకి అల్లప్పచ్చడి అడిగి మరీ వేయించుకున్నారు. అంత సంతోషంగా తింటున్న మనిషి దగ్గర ఇష్టం లేని మాట ఎత్తడం మర్యాద కాదు. రేపు చెప్తాను.

నిన్న సాయంత్రం సుస్మిత నా గదిలోకి వచ్చి, తలుపుకి ఆనుకుని నిలబడి ఒక్క ఊపున చెప్పింది. "నాన్నా, పాపని నేను ఇండియా పంపను. నీ అల్లుడు వాళ్ల నాన్నగారికి చెప్పలేడట. మామయ్యగారితో నువ్వే మాట్లాడాలి." నా జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది. ఆగితే నేను నీళ్లు నములుతానని దానికి తెలుసు.

పాపకి అయిదో నెల. సుస్మిత ఆగస్టు ఒకటిన కొత్త కంపెనీలో చేరాలి. అయిదో తారీకున బావగారూ, హైమావతి చెల్లెమ్మగారూ మద్రాసు విమానం ఎక్కుతారు. అనన్యని వెంట తీసుకెళ్లి, బళ్లో వేసే వయసు వచ్చాక తెచ్చి దిగబెడతారు. పాప కడుపులో ఉండగానే అందరూ అనుకున్న మాట ఇది. ఇక్కడి కంప్యూటర్ ఉద్యోగాల పిల్లలు చాలామంది చేసే పనే. సైన్స్ పార్క్‌లో మా అల్లుడు సాయి కిరణ్ ఆఫీసులో సగం మంది పిల్లలు అమ్మమ్మల దగ్గరో నానమ్మల దగ్గరో పెరుగుతున్నారట. వాళ్ల ఫోటోలు మాత్రం కంప్యూటర్లకి అతికించి ఉంటాయట.

ఇప్పుడు సుస్మిత మనసు మార్చుకుంది. పక్కింటి రోకియా ఆంటీ పగలంతా పాపని చూసుకుంటానందట. మలయ్ ఆవిడ. ఈ వీధిలో చాలామంది పిల్లలు ఆవిడ చేతుల్లో పెరిగినవాళ్లేనట.

సీతారామారావు బావగారు చెడ్డమనిషి అయితే ఎప్పుడో చెప్పేసేవాణ్ణి. పెళ్లిలో మా వంటవాళ్లు చేతులెత్తేస్తే, మగపెళ్లివారై ఉండి, కండువా నడుముకి చుట్టుకుని మా బంధువులకి ఆయనే వడ్డించారు. అలాంటి మనిషికి, ఆడపిల్ల తండ్రిని, కాదని ఎలా చెప్పడం?

10 జులై

చెప్పలేదు. వర్షం.

11 జులై, మంగళవారం

అల్లుడికి ఒక పికప్ ఉంది. ముందు మనుషులు కూర్చుని వెనక సామాను వేసుకునే బండి. ఆదివారాలు స్నేహితులతో వంతెన దాటి పక్క దేశంలోని జొహోర్ వెళ్లి, అక్కడి పామాయిల్ తోటల బురద దారుల్లో దాన్ని తోలుతాడు. అదొక సరదా. ఫ్లాట్ తీసుకుంటే బండి కింద దూరే వీలుండదనే ఈ వరస ఇల్లు అద్దెకి తీసుకున్నాడని సుస్మిత దెప్పుతూ ఉంటుంది. ఆ బండికి పెద్ద టైర్లు వెయ్యాలట. వేస్తే అవి బాడీకి రాసుకుంటాయి కాబట్టి ముందు బాడీని పైకి లేపాలట. దానికి కావలసిన సామానంతా ఇంటర్నెట్‌లో అమెరికా నుంచి తెప్పించాడు. ప్రభుత్వం వారి అనుమతి కూడా తెచ్చుకున్నాడు. తీరిక మాత్రం తెచ్చుకోలేకపోయాడు. వాళ్ల డాట్ కామ్ ఏదో ఈ నెలలోనే మొదలు కావాలట. పెట్టె పోర్చిలో మూలన పడి ఉంది. దాని మీద పాప డైపర్ల కట్టలు పెడుతున్నారు.

ఇవాళ బావగారు డైపర్లు పక్కన పెట్టి పెట్టె విప్పారు. లోపల నల్లటి గుండ్రటి దిమ్మలు, పొడవాటి బోల్టులు, ఒక కాగితం. కాగితం ఆయన చదివారు, నేను విన్నాను. బండి అడుగున ఇనప చట్రం ఒకటి, దాని మీద బాడీ ఒకటి, రెంటినీ కలిపేవి బోల్టులు. ఆ బోల్టులు విప్పి, జాకీతో బాడీని లేపి, మధ్యలో దిమ్మలు పెట్టి, పొడవు బోల్టులతో మళ్లీ బిగించాలి.

"ఇందులో ఏముందండీ బావగారూ, మనం చేసేద్దాం," అన్నారు.

ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యారు. జీవితమంతా ఇంకొకరు బిగించిన కాలవ తలుపుల పక్కన సంతకాలు పెట్టారు. నేను చక్కెర ఫ్యాక్టరీ స్టోర్స్‌లో రిటైరయ్యాను. బస్తాల కొద్దీ బోల్టులు ఇష్యూ చేశాను, ఒక్కటీ బిగించలేదు. "తప్పకుండా బావగారూ," అన్నాను.

అల్లుడు ఫోన్లో గోల పెట్టాడు. "నాన్నా, వీకెండ్‌లో నేను చేస్తా కదా... సరే, బోల్ట్స్ వరకు చెయ్యండి. స్టీరింగ్ మాత్రం టచ్ చెయ్యొద్దు, అది వర్క్‌షాప్ వాడు చూస్తాడు. ఆ తర్వాతే ఇన్‌స్పెక్షన్."

నాకు ఒకందుకు మంచిదే. బండి కింద ఇద్దరమే ఉంటాం. ఎదురుగా మొహం చూడనక్కర్లేదు. అక్కడ చెప్పడం తేలిక.

13 జులై

బోల్టులు తుప్పు పట్టి కదలడం లేదు. నూనె పోసి నానబెట్టాం. బోల్టు కదలని చికాకులో ఉన్న మనిషికి ఇంకో చికాకు ఎందుకని ఊరుకున్నాను.

"అడిగారా?" అంది కమల. చెప్పాల్సిన మాటని అడగడం అంటుంది మా ఆవిడ. అలా అంటే నాకు తేలికగా ఉంటుందని కాబోలు.

"నువ్వు చెల్లెమ్మగారితో అనకూడదూ?"

"ఇవి మగవాళ్లు మాట్లాడుకోవాల్సినవండీ. పాప కోసం ఆవిడ పాత చీరలతో బొంత కుడుతోంది. ఆవిడ ఎదురుగా కూర్చుని సూదిలోకి దారం ఎక్కించి ఇస్తున్నాను నేను. ఇంకేం చెప్తాను?"

15 జులై, శనివారం

వచ్చే నెల ఇక్కడివాళ్ల జెండా పండగకి తాలీము అట, పెద్ద జెండా వేలాడదీసుకుని హెలికాప్టర్ ఒకటి ఇంటి మీద నుంచి పోయింది. పాప దాన్ని చూసింది. తర్వాత నా కళ్లజోడు తాడు పట్టుకుని వదల్లేదు. ఎవరు పిలిచినా వదల్లేదు.

మా ఇంటి వసారాలో సుస్మిత ఉయ్యాల వేలాడదీసిన కొక్కెం ఇంకా ఉంది. ఊరికే గుర్తొచ్చింది.

18 జులై, మంగళవారం

కుడివైపు బాడీ లేచింది! జాకీ మీద చెక్క దిమ్మ పెట్టి ఒక్కొక్క మెట్టూ కొడుతుంటే కర్రుమని మూలిగి, మెల్లగా చట్రాన్ని వదిలి పైకి వచ్చింది. ఆ సందులోంచి అవతలి గోడ కనిపించింది. చిన్నపిల్లల్లా ఇద్దరం వంగి వంగి చూశాం. దిమ్మలు పెట్టాం. పొడవు బోల్టులు దిగాయి. బావగారు బిగించారు. చెల్లెమ్మగారు వచ్చి, "ఇంత ఎత్తు చేస్తే చీరలు కట్టుకున్నవాళ్లు ఎలా ఎక్కుతారండీ?" అన్నారు. ఆ సంగతి అమెరికా వాళ్ల కాగితంలో లేదు.

బిగింపు ఎంత ఉండాలో కొలిచే స్పానర్ ఒకటి ఉంటుందట. అల్లుడు ఎవరినో అడిగి తెస్తానన్నాడు, తేలేదు. అందుకని చేతి అంచనాతోనే బిగిస్తున్నాం. బావగారి చెయ్యి కొంచెం మెతక. వెనక మూల బోల్టు నాకు వదులుగా అనిపించింది. ఆయనతో అంటే బాగుండదు. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే వెళ్లి ఇంకొంచెం బిగించి వచ్చాను. ఎవరి మనసూ నొప్పించకుండా పని అయిపోయింది.

ఇలా చెయ్యడం నాకు బాగా వచ్చు. ఫ్యాక్టరీలో మేనేజరు తప్పు రాస్తే ఆయన టీకి వెళ్లినప్పుడు దిద్దేవాణ్ణి. పాప సంగతి కూడా ఇలా ఆయన నిద్రలో ఉండగా సర్దే మార్గం ఉంటే ఎంత బాగుండును!

19 జులై

నిన్న నేను బిగించిన బోల్టు ఇవాళ చూస్తే ఇంకా గట్టిగా ఉన్నట్టు తోచింది. నా చేతికి ఇంకా అంత బలం ఉందన్నమాట. అయినా మనశ్శాంతికి మధ్యాహ్నం మరో తిప్పు తిప్పాను.

చెప్పలేదు.

20 జులై

పాపకి పాస్‌పోర్ట్ వచ్చింది. ఫోటోలో చెవులు అచ్చం నావే. కమల కూడా అదే అంది. చెప్పలేదు.

22 జులై, శనివారం

బోల్టు తెగింది. వెనక మూలది.

ఎడమవైపు మొదలుపెట్టే ముందు కుడివైపువన్నీ ఒకసారి చూద్దామని బావగారు స్పానర్ వేశారు. ఠప్పుమంది. బోల్టు తల ఆయన చేతిలోకి వచ్చింది, కింది ముక్క నట్టుతో సహా రాలి నా చెంప పక్కన పడింది. ఇద్దరం బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాం.

"తప్పు నాదే బావగారూ," అన్నారాయన ఉన్నట్టుండి. "మీరు బిగించింది నాకు కొంచెం వదులనిపించింది. మీతో అంటే ఏం బాగుంటుంది? పొద్దున్నే మీరు స్నానానికి వెళ్లినప్పుడల్లా వచ్చి ఒక తిప్పు తిప్పుతున్నాను."

"అది నేను బిగించింది కాదే! మీరు బిగించిందే కదా?"

"నేను బిగించింది నాకు గుర్తుండదా? దాని మీద మళ్లీ ఎవరో తిప్పి ఉన్నారు. మీరే అయి ఉంటారు, అదీ చాలలేదని నేను ఇంకొంచెం వేశాను."

నేను నా మధ్యాహ్నాల సంగతి చెప్పాను. ఆయన పొట్ట అదిరేలా నవ్వారు, బండికి నుదురు కొట్టుకుని కూడా నవ్వడం ఆపలేదు. నేనూ నవ్వాను. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు, ఒకరి మర్యాద ఒకరు కాపాడుతూ ఇనప బోల్టుని మెడ విరిచి చంపాం. కమల గుమ్మంలోకి వచ్చి ఇదేం నవ్వని చూసిపోయింది.

నవ్వు ఆగాక ఆయన కళ్లు తుడుచుకుంటూ, "ఇంకేమైనా ఉందా బావగారూ, నాకు చెప్పకుండా దాచింది?" అన్నారు.

తమాషాకే అన్నారు. అయినా అదీ సమయం. అంతకన్నా మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు.

"అబ్బే, ఏం లేదండీ," అన్నాను.

23 జులై

నా మీద నాకు అసహ్యంగా ఉంది. సుస్మిత ఏం అడగలేదు. అడిగినా బాగుండేది.

24 జులై, సోమవారం

బోల్టు కొనడానికి ఇద్దరం ఇనప సామాన్ల దుకాణాలుండే జలాన్ బసార్ వెళ్లాం. పాసిర్ రిస్ స్టేషన్లో ట్రైన్ తలుపులు తెరుచుకున్నాయి. "మీరు ఎక్కండి బావగారూ," అన్నాను. "అబ్బెబ్బే, మీరు ముందు," అన్నారు. "ఎంతమాట, పెద్దవారు మీరు." "మీరే కదా నడుం నొప్పి మనిషి." తలుపులు మూసుకున్నాయి. ట్రైన్ వెళ్లిపోయింది. లోపలినుంచి ఒక చైనా ముసలావిడ మమ్మల్ని వింతగా చూసింది. తర్వాతి ట్రైన్‌కి ఇద్దరం భుజాలు రాసుకుంటూ ఒకేసారి ఎక్కాం.

బోల్టుల దుకాణంలో అడుగుపెడితే ప్రాణం లేచొచ్చింది. గ్రీజు, గోనెపట్టా, ఇనుము కలిసిన ఆ వాసన మా స్టోర్స్‌ది. తెగిన ముక్క చూపిస్తే దుకాణం అంకుల్ అచ్చం అలాంటిదే తీసి ఇచ్చాడు. నేను దాని తల మీద అంకెలు చదివి బలం సరిపోతుందని చూసుకున్నాను. బావగారు గర్వంగా దుకాణం అంకుల్‌తో, "మై బ్రదర్-ఇన్-లా, స్టోర్స్ మ్యాన్," అన్నారు.

వచ్చేటప్పుడు ఆయనే ఎత్తారు. "పాప వస్తే మా ఇంటికి మళ్లీ కళ వస్తుంది బావగారూ. హైమ ఇప్పటినుంచే వెండి గిన్నె తోమిస్తానంటోంది." కిటికీ లోంచి బయటికి చూస్తూ అన్నారు. నేను కూడా బయటికే చూశాను. టాంపినీస్ ఫ్లాట్లు వరసగా పోతున్నాయి, ప్రతి వసారాకీ జెండాలు కట్టి ఉన్నాయి.

26 జులై, బుధవారం

ఎడమవైపు కూడా లేచింది. ఇప్పుడు ఎవరు ఏ బోల్టు బిగించినా రెండోవాళ్లు చూస్తుండగానే బిగించాలని ఒప్పందం.

కమల ఇవాళ కొత్త మాట అంది. పాప గుడ్డలు ఆరేస్తూ, నా వైపు చూడకుండా, "వాళ్లకి పంపనంటే పోనీ మనకి పంపుతుందేమో. తన కన్నతల్లి దగ్గరికి పంపినట్టే కదా," అంది.

"ఛ, అవేం మాటలు," అన్నాను.

మా ఊళ్లో పాలు మాత్రం చిక్కగా ఉంటాయి. ఇక్కడి డబ్బా పాలు ఏం పాలు? ఫ్యాక్టరీకి చెరుకు బళ్లు వచ్చే కాలంలో ఎద్దుల మెడ గంటలు వింటే పాప... ఇదంతా ఎందుకు రాస్తున్నానో. నిద్ర వస్తోంది.

28 జులై, శుక్రవారం

సుస్మిత పాప గుడ్డలు సర్దుతోంది. వాళ్ల అత్తగారి పెట్టెలో.

నేను మంచినీళ్ల కోసం వెళ్తూ చూశాను. చిన్న చిన్న చొక్కాలు మడత పెట్టి, ఒక్కొక్కటీ అరచేత్తో నిమిరి, పెట్టెలో ఒక పక్కగా పేరుస్తోంది. మొహంలో ఏమీ లేదు. నన్ను చూసి నవ్వింది కూడా. "మామయ్యగారికి చెప్పలేకపోయావు కదా నాన్నా, పర్లేదులే," అంది. "నేనే సర్దుకుంటాను."

ఎవరినీ నొప్పించకుండా, నోరెత్తకుండా, తనే వెళ్లి సర్దేస్తోంది. అది నా కూతురు. ఈ విద్య దానికి ఎవరు నేర్పారో వేరే చెప్పాలా? గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుంటే ఏడుపు వచ్చింది. ఏడ్చాను.

29 జులై, శనివారం

చెప్పాను.

పొద్దున కాఫీకి ముందే. బావగారు పోర్చిలో ముక్కాలిపీట వేసుకుని మిగిలిన బోల్టులకి గ్రీజు రాస్తున్నారు. నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే మళ్లీ బోల్టుల మాటల్లో పడతాను.

"బావగారూ, పాప ఇక్కడే ఉంటుంది."

"ఎక్కడ?"

"ఈ ఊళ్లోనే. సుస్మిత పంపనంటోంది. పగలు పక్కింటి రోకియా ఆంటీ చూసుకుంటుందట. నాకు చెప్పి మూడు వారాలవుతోంది. మీకు చెప్పమంది, నేనే చెప్పలేదు."

ఆయన చేతిలో బోల్టు అలాగే ఉంది. దాన్ని కింద పెట్టి, గుడ్డ తీసుకుని ఒక్కో వేలూ తుడుచుకున్నారు.

"మావాడికి తెలుసా?"

"తెలుసు."

"మీ ఇంట్లో?"

"తెలుసండీ."

"అయితే తెలియంది నాకూ హైమకీ." గుడ్డ మడిచి పక్కన పెట్టారు. "పరాయి మనిషి చేతిలో పెడతారన్నమాట."

"పగలే కదండీ. సాయంత్రానికి తల్లి వచ్చేస్తుంది. మన దగ్గరైతే తల్లి రావడానికి ఏడాది పడుతుంది."

ఆయన తలెత్తి నన్ను చూశారు. ఆ చూపు ఆయన ఎప్పుడూ నా మీద వాడలేదు. "ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి రామయ్యగారూ. మా దగ్గరికి వద్దు, సరే. మీ దగ్గరికైతే పంపుతుందా? మీరు తీసుకెళ్తారా?"

రామయ్యగారూ అన్నారు. బావగారూ అనలేదు.

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. అది కూడా అబద్ధమే. వస్తుందనే ఇన్నాళ్లూ నోరు విప్పలేదేమో. ఆయనంటే భయం కాదు, మర్యాదా కాదు. ఆయన్ని కాదన్న నోటితోనే నన్ను నేను కూడా కాదనుకోవాలి. ఉయ్యాల కొక్కెం, చిక్కటి పాలు, ఎద్దుల గంటలు అన్నీ కాదనాలి. అప్పటికే కమల కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నా జవాబు కోసం ఆవిడ కూడా ఎదురు చూస్తోంది. ఆవిడ మొహం చూస్తే ఆ మాట అనలేనని బావగారినే చూస్తూ అన్నాను.

"లేదండీ. మా దగ్గరికీ కాదు. తల్లి దగ్గరే."

కమల గ్లాసులు అరుగు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. బావగారు చాలాసేపు రోకియా ఆంటీ ఇంటి గోడవైపు చూస్తూ ఉండిపోయారు. ఆ పైన లేచి ఆయన కూడా లోపలికి వెళ్లారు. కాఫీ ఎవరూ తాగలేదు.

30 జులై, ఆదివారం

బావగారు పోర్చిలోకి రాలేదు. చెల్లెమ్మగారు ఏడ్చారు. సుస్మితని దగ్గరికి పిలిచి, "నాతో ఒక్క మాట అనలేకపోయావా అమ్మా? నేనేమైనా పరాయిదాన్నా?" అన్నారట. ఇద్దరూ ఏడ్చారట. పెట్టెలోంచి పాప గుడ్డలు చెల్లెమ్మగారే తీసి మళ్లీ అలమారలో పెట్టారట. ఇవన్నీ కమల చెప్పింది. కమల నాతో మాట్లాడిందన్నది కూడా రాసుకోవాలి. నిన్నంతా మాట్లాడలేదు.

అల్లుడు నా దగ్గరికి వచ్చి, "థ్యాంక్స్ మామయ్యగారూ, నేను చెప్పి ఉండాల్సింది," అన్నాడు.

"నాకెందుకు థ్యాంక్స్? వెళ్లి మీ నాన్నగారి పక్కన కూర్చో," అన్నాను. వెళ్లాడు. తండ్రీ కొడుకులు టీవీ ముందు చాలాసేపు కూర్చున్నారు. టీవీలో చైనా వాళ్ల సీరియల్ వస్తోంది. ఇద్దరికీ ఆ భాష రాదు.

31 జులై, సోమవారం

అల్లుడు ఎట్టకేలకు బిగింపు కొలిచే స్పానర్ తెచ్చి పోర్చిలో పెట్టి ఆఫీసుకి వెళ్లాడు. నేను ఒక్కణ్ణే బండి కిందికి దూరాను. కాసేపటికి నా పక్కన చాప పరిచిన చప్పుడయింది.

"వెనక మూలది చూశారా?"

"చూశాను."

"ఏం చూశారు! ఇంకో పావు తిప్పు పడాలి దానికి."

"అక్కర్లేదండీ. కాగితంలో రాసినంత వచ్చింది. ఇంకా తిప్పితే మళ్లీ తెగుతుంది."

"మీకేం తెలుసండీ, స్టోర్స్‌లో కూర్చుని చీటీలు చింపినవారికి?"

"సంతకాలు పెట్టినవారికి మాత్రం ఏం తెలుసు?"

పిల్లల పెళ్లయిన ఇన్నేళ్లలో మేమిద్దరం ఒకరి మాట ఒకరం కాదనడం ఇదే మొదలు. ఆయన స్పానర్ లాక్కుని కొలిచారు. నేనన్నదే నిజం. "సరే, ఇది వదిలేద్దాం బావగారూ," అని తర్వాతి బోల్టుకి జరిగారు. అక్కడ ఆయనన్నదే నిజమైంది. చాలా సంతోషించారు.

భోజనాల వేళకి పని ముగిసింది. బండి కిందనుంచి లేస్తూ, ఎటో చూస్తూ అన్నారు. "మీరు తీసుకెళ్తానని ఉంటే నేను పెద్ద గొడవ చేసేవాణ్ణి. చెయ్యాలని తయారై ఉన్నాను కూడా."

"తెలుసండీ."

"మీకూ కష్టంగానే ఉండి ఉంటుంది."

ఉందన్నాను. చాలా ఉందన్నాను.

1 ఆగస్టు, మంగళవారం

సుస్మిత ఉద్యోగంలో చేరింది.

పొద్దున్నే స్నానం చేసి తయారై, పాపని ఎత్తుకుని పక్కింటికి వెళ్లింది. అప్పజెప్పి వచ్చింది. పాలసీసా మూత మరిచిపోయానని మళ్లీ వెళ్లింది. టోపీ ఇవ్వలేదని మళ్లీ వెళ్లింది. ఆ తర్వాత ఏదీ చెప్పకుండానే ఇంకోసారి వెళ్లింది. రోకియా ఆంటీ గేటు దాకా వచ్చి, "గో, గో లా! బేబీ ఓకే, మమ్మీ నాట్ ఓకే," అని నవ్వుతూ తరిమింది. చెల్లెమ్మగారు పరుగున వెళ్లి తను కుట్టిన బొంత ఆవిడ చేతిలో పెట్టి, తెలుగులోనే ఎలా కప్పాలో అంతా చెప్పి వచ్చారు. రోకియా ఆంటీ అంతటికీ తలూపింది. అల్లుడు ఇవాళ ఆఫీసుకి ఆలస్యంగా వెళ్తానని చెప్పి సుస్మిత వెంట స్టేషన్ దాకా నడిచాడు.

పోర్చిలో మేమిద్దరం మిగిలాం. బండి ఎత్తుగా నిలబడి ఉంది. దానికి మేం చెయ్యాల్సింది ఇంకేమీ లేదు, వర్క్‌షాప్ వాడు రేపు వస్తాడు. అయినా బావగారు స్పానర్ తీసుకున్నారు, నేను గుడ్డ తీసుకున్నాను. రోకియా ఆంటీ గోడ వైపున్న చక్రం దగ్గర నిలబడ్డాం.

"ఏడుస్తోందా బావగారూ?" అన్నారు.

"వినిపించడం లేదండీ."

"కొత్త చోటు. ఏడుస్తుంది."

"ఏడవకుండా ఎలా ఉంటుంది?"

ఏడిస్తే గోడ మీదుగా అందుకుని తెచ్చేసుకోవచ్చని నా ఆలోచన. ఆయనదీ అదేనని ఆయన నిలబడ్డ తీరు చూస్తే తెలిసింది. గోడ పెద్ద ఎత్తు కూడా కాదు. బిగించి ఉన్న బోల్టుల్నే తుడుస్తూ, చెవులు అటే పెట్టి మధ్యాహ్నం భోజనానికి పిలిచేదాకా అక్కడే ఉన్నాం. ఒకసారి నవ్వు మాత్రం వినిపించింది.

పాప ఏడవలేదు.